గట్టు మీద ఉన్నది గడ్డి కాదు, కూర

(కార్తీక మాసం చివరి వారంలో జరిగిన సంఘం మండల సమావేశంలో జహీరాబాద్ ప్రాంతానికి చెందిన ఒక రైతు సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం.)



నన్ను పత్తి గురించి మాట్లాడమన్నారు. పత్తి ధర, కొనుగోలు కేంద్రాల గురించి నా ముందు మాట్లాడినవాళ్ళు చెప్పాల్సింది చెప్పారు. నేను కూర గురించి మాట్లాడతాను. నవ్వకండి. మన చేను నుంచి మన గిన్నెలోకి పైసా ఖర్చు లేకుండా వచ్చే ఒకే ఒక్క వస్తువు అది. అది కూడా మన చేతులారా పోగొట్టుకుంటున్నాం.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే మా మనుమరాలు నా చెయ్యి పట్టుకొని, "తాతా, గునుగు పూలు తెంపుకొద్దాం పా" అంది. మాకు ఐదెకరాల చెలక ఉంది. నా చిన్నప్పుడు మా అమ్మ వెంట పోతే జొన్నచేలో గునుగు తెల్లగా విరగబూసి ఉండేది. గంపలు నిండేవి. ఈసారి నాలుగు గట్లూ తిరిగాం. వాగు ఒడ్డున తంగేడు దొరికింది, గునుగు మాత్రం దొరకలేదు. మధ్యాహ్నం జహీరాబాద్ పోయి, రంగు అద్దిన గునుగు కట్టలు కొనుక్కొచ్చాను. ఐదెకరాల రైతు కలుపు మొక్కను డబ్బులు పెట్టి కొన్నాడు. ఎందుకంటే మూడేళ్ళుగా ఆ గట్లకు గడ్డి మందు కొడుతున్నది నేనే.

కలుపులో కూర

మన తల్లులు కలుపుకు పోయినప్పుడు కొడవలితో పాటు ఒడి కూడా తీసుకుపోయేవాళ్ళు. కలిసిన మొక్కల్లో సగం పశువులకు, సగం పొయ్యి మీదికి. చెంచలి, దొగ్గలి, తుమ్మి, వెన్నదేవి, తగిరిస, గంగవాయిలి, పొన్నగంటి, పులిచింత, లేత గునుగాకు. వీటికి ఎవరూ విత్తనం వేయరు, నీళ్ళు కట్టరు, యూరియా చల్లరు. భూమి తనంతట తాను ఇచ్చేవి.

ఇప్పుడు వానలు వెనక్కి పోయాయి, కార్తీకం దాటుతోంది. ఈ కాలానికి వేరే కూరలున్నాయి. శనగ చేలో, గోధుమ చేలో పప్పుకూర మొలుస్తుంది. కుసుమ లేతగా ఉన్నప్పుడు ఆకు వండుకోవచ్చు, ముల్లు వచ్చాక పనికిరాదు. శనగ నాటిన నెల దాటాక తలలు తుంచితే మొక్క పక్క కొమ్మలు వేస్తుంది, పూత పెరుగుతుంది. తుంచిన చిగుళ్ళు పుల్లపుల్లగా మంచి కూర. తెల్లవారుజామున శనగ చేను మీద గుడ్డ పరిచి, మంచుతో తడిసిన ఆ పులుపును పిండి, కడుపునొప్పికి దాచుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఉండేవి. గట్ల మీద సీతాఫలం అయిపోవస్తుంటే ఉసిరి అందుకుంటుంది, దాని వెనక రేగు.

వండడం గురించి రెండు మాటలు. ఇక్కడున్న అక్కలకు తెలుసు, మగవాళ్ళ కోసం చెబుతున్నాను. దొగ్గలి, చెంచలి, పప్పుకూర కలిపి కడిగి సన్నగా తరిగి, పెసరపప్పుతో ఉడికించి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయ తాలింపు పెడితే జొన్నరొట్టెకు అంతకన్నా ఏం కావాలి? గంగవాయిలికి పులుపు దానికే ఉంది, చింతపండు తక్కువ వేయాలి. తుమ్మి చేదు, చింతపండు పులుసు పడితే దారికొస్తుంది. మన దిక్కు వినాయక చవితికి తుమ్మికూర తినాలని పెద్దలు పెట్టిన నియమం, ఏడాదికి ఒక్కసారైనా ఆ ఆకును గుర్తుపట్టడం పిల్లలు మరిచిపోకూడదనే అని నేననుకుంటాను. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవాళ్ళు గంగవాయిలి, దొగ్గలి లాంటివి తగ్గించాలి. తిన్నా ఉడికించి ఆ నీళ్ళు పారబోసి తినాలి. తెలియని ఆకును తెలిసినవాళ్ళకు చూపకుండా గిన్నెలో వేయకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇనుము, క్యాల్షియం, విటమిన్లు ఉన్న ఆకు గట్టు మీద ఉంటే, దాన్ని మనం మందు కొట్టి చంపి, ఆసుపత్రిలో మాత్రల కోసం వరుసలో నిలబడుతున్నాం. ఒక్క ఆకుకూరతోనే రక్తం పడుతుందని నేను చెప్పను. ఆకులోని ఇనుము ఒంటికి తొందరగా పట్టదు. కానీ పక్కన ఉసిరి పచ్చడో, నిమ్మకాయో ఉంటే బాగా పడుతుంది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేసేవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

అవ్వ అడిగిన మాట

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. పోయిన ఏడాది ఇదే కార్తీకంలో ఒక సాయంత్రం గట్లకు గడ్డి మందు కొట్టి ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. మరునాడు పొద్దున మా ఇంటామె పచ్చగడ్డికి పోతే, మా వాడకట్టు అవ్వ ఒకామె గట్టు మీద కూర్చొని ఒడిలోకి గంగవాయిలి గిల్లుకుంటోంది. ఆమెకు గుంట భూమి లేదు. ఎవరి చేను గట్టు మీద ఏ కూర ఉందో ఊళ్ళో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మా ఇంటామె పరుగెత్తి, "అవ్వా, నిన్న మందు కొట్టిండు, పారెయ్యి" అని ఒడి దులిపించింది. అవ్వ అక్కడి నుంచి సీదా మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. తిట్టలేదు. "కొడుకా, ఆకు పచ్చగనే ఉన్నది గదా, నాకెట్ల తెలుస్తది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. గ్లైఫోసేట్ లాంటి మందు ఆకు మీద పడి వేరు దాకా దిగి చంపుతుంది. ఆకు పసుపు తిరగడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా ఆ మొక్క పచ్చగా, తాజాగానే కనబడుతుంది. కూర తెంపే అవ్వకు, గట్టు మేసే మేకకు తేడా తెలియదు. తెలిసినవాడిని నేనొక్కడినే, నేను నోరు విప్పలేదు.

ఈ మందు సంగతి మన సంఘానికి కొత్త కాదు. మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని భూములకు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో పెట్టింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు ఆ మాటతో ఏకీభవించలేదు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. 2018లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం, శిక్షణ పొందిన పురుగు నివారణ ఆపరేటర్ల ద్వారా తప్ప ఎవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. గడ్డి మందును తట్టుకునే పత్తి విత్తనానికి మన దేశంలో అనుమతే లేదు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఊళ్ళో డబ్బా దొరుకుతోంది, విత్తనం దొరుకుతోంది, ఏ ఆపరేటరూ రాడు, పంపు మన భుజం మీదే ఉంటుంది.

రైతు ఎందుకు కొడుతున్నాడో కూడా చెప్పాలి. సరదాకు కాదు. కలుపు సమయంలో కూలీలు దొరకరు, దొరికితే కూలి ఇవ్వలేం, ఇస్తే పత్తి ధరలో ఆ ఖర్చు తిరిగి రాదు. పంటకు మొదటి ఒకటిన్నర, రెండు నెలలు కలుపు లేకుండా చూడకపోతే దిగుబడి పోతుంది, అది నిజం. ప్రతి కలుపు మొక్కా అమృతం అని కూడా నేను అనను. వయ్యారిభామ ఉంది. 1950లలో ఈ దేశంలో కనబడి, ఊళ్ళకు ఊళ్ళు ఆక్రమించింది, ముట్టుకుంటే దురద, పశువు మేయదు. దాన్ని పీకాల్సిందే, పూత రాకముందే పీకాలి. నేనడిగేది సాలు గురించి కాదు, గట్టు గురించి. సాలులో గుంటుక తోలుదాం, దౌరా కొడదాం. గట్టును ఎందుకు చంపాలి? గట్టు మీది తుమ్మి పూల కోసం వచ్చే తేనెటీగే కదా మన కుసుమ చేలోకీ వచ్చేది!

కడుపుతో ఉన్న భూమి

ఇంకో నెలకు మార్గశిర అమావాస్య వస్తోంది. మా జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు దాన్ని ఎల్లమాస అంటాం, శూన్యం పండుగ అని కూడా అంటారు. బీదర్, కలబురగి రైతులూ చేస్తారు, లాతూరు వైపూ ఉంది. మిగతా ప్రాంతాల మిత్రులకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను.

అప్పటికి జొన్న, శనగ, కుసుమ పూతకు, పొట్టకు వస్తాయి. భూమి కడుపుతో ఉందని మా నమ్మకం. కడుపుతో ఉన్న ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు వండుకుపోయినట్టే భూమికి వండుకుపోతాం. ఇంట్లో ఆడవాళ్ళు చీకటితోనే లేచి జొన్నరొట్టె, సజ్జరొట్టె, అంబలి, భజ్జి చేస్తారు. భజ్జి అంటే నూనెలో వేసేది కాదు. కంది, అనుములు, పచ్చి శనగ, ఇంకా చేలో ఏ గింజ దొరికితే ఆ గింజ, ఏ ఆకు దొరికితే ఆ ఆకు కలిపి, శనగపిండి, చింతపండు వేసి వండే కూర. అన్నీ గంపకెత్తుకొని చేను దగ్గరికి పోతాం. జొన్న చొప్పతో చిన్న గుడిసె వేసి, ఐదు రాళ్ళు పెట్టి పాండవులంటాం. నైవేద్యం పెట్టాక, అంబలి, వండిన అన్నం చేను నాలుగు దిక్కులా కేకలు వేస్తూ చల్లుతాం. తరువాత అక్కడే కూర్చొని తింటాం. చేను లేనివాళ్ళను పిలిచి మరీ తినిపిస్తాం. ఆ రోజు ఒంటరిగా తిన్న రైతు లేడు.

కర్ణాటక మలెనాడులో వరి పొట్టకొచ్చే ఆశ్వయుజ పున్నమికి ఇలాంటిదే భూమి హుణ్ణిమె ఉంది. ఆడవాళ్ళు ఎర్రమట్టి, బియ్యప్పిండితో బుట్టల మీద ముగ్గులు వేస్తారు. చేను నుంచి, అడవి నుంచి రకరకాల ఆకులు ఏరి రాత్రంతా వండుతారు. తెల్లవారకముందే పొలంలో చల్లుతారు. భాష వేరు, పంట వేరు, మనసు ఒకటే.

మన సంఘంలో కొందరు తమ్ముళ్ళు ఇదంతా మూఢనమ్మకం అంటారు. నేను వాళ్ళతో తగువు పెట్టుకోను. ఒక్కటే అడుగుతాను. ఈసారి ఎల్లమాసకు భజ్జి వండాలంటే నీ చేలో ఎన్ని రకాలు దొరుకుతాయి? మా అమ్మ ఒక్క పైసా ఖర్చు లేకుండా వండేది. పోయినసారి మా ఇంట్లో గింజలు కిరాణా నుంచి, ఆకులు అంగడి నుంచి వచ్చాయి. మందు కొట్టిన గట్టు పక్కన నిలబడి, "తల్లీ, కడుపు చల్లగా ఉండాలె" అని అంబలి చల్లాను. అప్పుడు సిగ్గేసింది. కడుపుతో ఉన్న మనిషికి ఒక చేత్తో సారె, ఒక చేత్తో విషం ఎవరైనా ఇస్తారా?

మా అమ్మ గుడికి పోయింది తక్కువ. కానీ కూర తెంపేటప్పుడు వేరుతో పీకేది కాదు, చిగురే గిల్లేది. నాలుగు మొక్కలకు ఒకటి విత్తనానికి వదిలేది. మొదటి గుప్పెడు భూమికి చూపించి ఒళ్ళో వేసుకునేది. ఆమె భక్తి అంతా అందులోనే ఉంది.

ఈ పని కొత్తగా మనం కనిపెట్టాల్సింది కాదు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువగా దళిత చిన్న రైతులు, ఒకే చేలో ఎన్నో పంటలు కలిపి వేసి, వేయకుండా మొలిచే ఈ కూరలను కాపాడుకొస్తున్నారు. ఏటా సంక్రాంతి నుంచి పాత పంటల జాతర తీస్తారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మన గెట్టు పక్కనే జరుగుతున్న పని అది, పోయి చూసి నేర్చుకుందాం.

చివరగా నాలుగు మాటలు తీర్మానంగా పెట్టమని అధ్యక్షులను కోరుతున్నాను.

ఒకటి, సంఘం సభ్యులం ఎవరమూ గట్లకు, వాగు ఒడ్డుకు, బాట పక్కకు గడ్డి మందు కొట్టకూడదు.

రెండు, ఎవరైనా చేలో ఏ మందు కొట్టినా గట్టు మీద ఎర్ర గుడ్డ కట్టాలి, ఊళ్ళో చాటింపు వేయించాలి. గ్రూపులో మెసేజ్ పెడితే సరిపోదు, అవ్వ దగ్గర ఫోన్ లేదు.

మూడు, కూర తెంపుకోవడానికి వచ్చిన కూలి ఆడవాళ్ళను చేను నుంచి తరమకూడదు. అది వాళ్ళ పాత హక్కు.

నాలుగు, అనుమతి లేని విత్తనం, ఉత్తర్వుకు విరుద్ధంగా అమ్ముతున్న మందు ఊళ్ళోకి రాకుండా చూడాల్సింది వ్యవసాయ శాఖ అని, కలుపు తీతను ఉపాధి హామీ పనుల్లో చేర్చి రైతు మీద కూలి భారం తగ్గించాలని వినతిపత్రం ఇద్దాం.

నా మటుకు నేను ఈ ఏడాది గట్లకు మందు కొట్టలేదు. గునుగు ఇంకా రాలేదు. గంగవాయిలి మాత్రం వచ్చింది. పోయిన వారం అవ్వ మళ్ళీ మా గట్టు మీద కనబడింది. నన్ను చూడగానే చెయ్యి ఆపి, "కొట్టినవా?" అని అడిగింది. "లేదవ్వా, తెంపుకో" అన్నాను. కాసేపు నా మొహం వైపే చూసి, తరువాత గిల్లడం మొదలుపెట్టింది.

సెలవు.