నలిగిన కోటు, నిలిచిన న్యాయం

1971లో ధారావాహికగా మొదలై, విరామాలతో 2003 దాకా నడిచిన అమెరికా టెలివిజన్ నేరపరిశోధన నాటకం ‘కొలంబో’. ఇందులో హంతకుడెవరో సాధారణంగా మొదట్లోనే చూపించేస్తారు. ఎలా దొరుకుతాడన్నదే ఉత్కంఠ. హంతకుల్లో ఎక్కువమంది లాస్ ఏంజిలిస్ సంపన్నులు, పేరున్నవాళ్లు: వైద్యులు, రచయితలు, వ్యాపారులు. వాళ్ల భవంతులకు పాత కారులో, నలిగిన రెయిన్‌కోటుతో వస్తాడు లెఫ్టినెంట్ కొలంబో. ఆ పాత్ర పోషించింది పీటర్ ఫాక్.

కొలంబో వాలకం చూసి హంతకులు చులకన చేస్తారు. అతను కోపం తెచ్చుకోడు, తుపాకీతో బెదిరించడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి ఇంకొక్క ప్రశ్న అడుగుతాడు. ఆ ఓపికే అబద్ధాన్ని బయటపెడుతుంది.

డబ్బూ హోదా చట్టాన్ని దాటిపోలేవన్న సామాన్యుడి ఆశకు ఈ నాటకం రూపమిచ్చింది. మనిషిని దుస్తులతో కొలవకూడదని ఇంత ఆసక్తిగా చెప్పిన నేరకథలు అరుదు.