రెండు గదుల ఇల్లు



‘తృప్తి’ గురించి మాట్లాడమని సంఘం వారు అడిగారు. సివిల్ ఇంజనీరుగా 30 ఏళ్లు పనిచేసినవాణ్ణి, నాకు తెలిసింది ఇటుక, సిమెంటు. ఆ దారినే వస్తాను.

లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు 1917లో ఇంగ్లండులో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. 1940లలో బొంబాయిలో గాంధీగారిని కలిశారు. ఇంటికి కావలసిన సామాను చుట్టూ అయిదు మైళ్లలో దొరకాలన్న గాంధీగారి మాట తనను వదల్లేదని చెప్పేవారు. ఆయన కట్టించిన గోడల్లో ఇటుకలను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతారు. దాదాపు పావువంతు ఇటుక మిగులుతుంది. ఖాళీలోని గాలి ఎండవేడిని తొందరగా లోపలికి రానివ్వదు. స్లాబు అడుగున లాగుడు బలాన్ని మోసేది ఇనుమే, కాంక్రీటు కాదు. అందుకని అక్కడ కొంత కాంక్రీటు బదులు మంగుళూరు పెంకులు పెట్టేవారు.

ఆరేళ్ల కిందట మన ఊళ్లో ఈ పద్ధతిలోనే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. నగరంలో డ్యూప్లెక్సుకు అప్పు దొరికేదే. వాయిదాలు మాత్రం నాకు 62 ఏళ్లు నిండేదాకా. ఎవరూ ఎక్కని మేడగదుల కోసం అన్నేళ్లు పనిచేయాలా అనిపించింది. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది: వంటిల్లు మాత్రం చిన్నది కాకూడదు. సరేనన్నాను. “ప్లాస్టరింగు లేకపోతే డబ్బులు చాలక ఆపేశారనుకుంటారు సార్” అని మేస్త్రి చివరిదాకా గొణుగుతూనే ఉన్నాడు. బంధువులు అలాగే అనుకున్నారు కూడా! అమ్మాయికి వచ్చిన ఒక సంబంధం ఇల్లు చూసి వెనక్కి వెళ్లింది. అమ్మాయి నవ్వి ఊరుకుంది గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పు లేదు కనుక 54వ ఏట ఉద్యోగం మానగలిగాను. అమ్మ చివరి పద్నాలుగు నెలలు ఆమె మంచం పక్కనే ఉన్నాను. మా చదువుల కోసం నాన్న చేసిన అప్పులు, అవి తీర్చడానికి తాను ఒక్కొక్కటిగా అమ్మిన నగలు, అన్నీ అప్పుడే చెప్పింది. నేను నగరంలో వాయిదాలు కడుతూ ఉంటే ఆ మాటలు వినేవాణ్ణి కాదు.

రేకుల కింద కాపురముండేవారికి పొదుపు బోధించే హక్కు నాకు లేదు. నేను మాట్లాడుతున్నది ఉన్న ఇల్లు బాగానే ఉండగా రెండోదానికి అడ్వాన్సు ఇచ్చిన మన బ్యాచ్‌ల వారితో.

మా ఇల్లు బస్టాండు వెనక వీధిలోనే. గోడ చూడాలనుకునేవారు సభ అయ్యాక రండి. ఏసీ లేదు, కాఫీ ఉంటుంది.