ఛాయాసాక్ష్యం: 1692 సేలం విచారణలు

1692 జనవరిలో మసాచుసెట్స్ కాలనీలోని సేలం విలేజ్‌లో, పాస్టరు శామ్యూల్ ప్యారిస్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు అంతుబట్టని జబ్బు చేసింది. ఒకరు ఆయన కూతురు బెట్టీ, తొమ్మిదేళ్లది. రెండోది అదే ఇంట్లో ఉంటున్న బంధువుల పిల్ల ఆబిగైల్ విలియమ్స్, పదకొండేళ్లది. ఒళ్లు మెలికలు తిరిగిపోయేది. ఎవరో గిల్లుతున్నారనీ పొడుస్తున్నారనీ కేకలు పెట్టేవారు. ఉపవాసాలు, ప్రార్థనలు జరిగాయి. వైద్యుడు వచ్చి చూసి, ఇది దుష్టశక్తి పని అన్నాడు. పొరుగున ఉండే మేరీ సిబ్లీ సలహా మీద, ఆ ఇంట్లో బానిసలుగా ఉన్న టిటుబా, జాన్ ఇండియన్ రై పిండిలో పిల్లల మూత్రం కలిపి రొట్టె కాల్చి కుక్కకు పెట్టారు. చేసినవాళ్లెవరో దాంతో బయటపడతారని నమ్మకం. చేతబడి, చిల్లంగి మాటలు వింటూ పెరిగిన తెలుగువారికి ఈ వరస కొత్తగా అనిపించదు.

ఫిబ్రవరి 29న ముగ్గురి మీద వారంట్లు జారీ అయ్యాయి. టిటుబా; ఇల్లిల్లూ తిరిగి అడుక్కుతినే సారా గుడ్; చాలాకాలంగా జబ్బుతో చర్చికి రావడం మానేసిన సారా ఆస్‌బోర్న్. ఊరు వేలెత్తి చూపితే అడ్డుపడే దిక్కు ముగ్గురిలో ఎవరికీ లేదు. మార్చి 1న మేజిస్ట్రేట్లు జాన్ హాథార్న్, జొనాథన్ కార్విన్ బహిరంగంగా విచారణ జరిపారు. మిగతా ఇద్దరూ తమకేమీ తెలియదన్నారు. టిటుబా మాత్రం ఒప్పుకుంది. బోస్టన్ నుంచి వచ్చే పొడుగాటి మనిషి ఒకడున్నాడనీ, అతని పుస్తకంలో తన గుర్తుతో పాటు మరో తొమ్మిది గుర్తులు చూశాననీ చెప్పింది. దాంతో మిగిలిన గుర్తులెవరివన్న వెతుకులాట మొదలైంది.

ఆ మాట అంత త్వరగా అంటుకోవడానికి ఊరి పరిస్థితే కారణం. మసాచుసెట్స్ పాలనకు ఆధారమైన చార్టరు 1684లో రద్దయింది. 1689లో జనం గవర్నరు ఆండ్రోస్‌ను దించేశారు. కొత్త చార్టరు వచ్చేదాకా పెద్ద నేరాలను విచారించే అధికారం ఎవరిదో తేలని స్థితి. ఉత్తర సరిహద్దులో ఫ్రెంచి వారితోనూ వబనాకీ తెగలతోనూ యుద్ధం సాగుతోంది. అక్కడ ఇళ్లు తగలబడి, అయినవాళ్లను పోగొట్టుకుని ఎసెక్స్ కౌంటీకి వలస వచ్చినవారిలో ఆరోపణలు చేసిన అమ్మాయిలూ కొందరున్నారు. ఇక సేలం విలేజ్‌లో ఏళ్ల తరబడి తగవులే. ప్యారిస్‌కు జీతం, వంటచెరకు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద ఊరు రెండుగా చీలింది. ఆయన్ను సమర్థించిన పట్నం కుటుంబం నుంచే ఎన్నో ఫిర్యాదులు వెళ్లాయి. రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ బూజు వల్ల పిల్లలకు పిచ్చి కమ్మిందని 1976లో ఒక వాదం వచ్చింది. విషాహారం కొందరికి మూర్ఛ తెప్పించవచ్చు గాని వారంట్ల మీద సంతకాలు చేయించదు కదా.

నిజానికి న్యూ ఇంగ్లండులో మంత్రవిద్య ఆరోపణలు అంతకు ముందూ ఉన్నాయి. చాలా కేసుల్లో న్యాయస్థానాలు రుజువు చాలదని వదిలేశాయి కూడా. సేలంలో తేడా వచ్చింది సాక్ష్యం దగ్గర. బాధితులమని చెప్పుకున్న వారికి నిందితుల ఛాయారూపం కనబడుతుంది, వచ్చి గిల్లుతుంది, గొంతు పట్టుకుంటుంది. ఆ రూపం వారికి తప్ప జడ్జీకిగాని, జ్యూరీకిగాని, ఆ గదిలో మరెవరికీగాని కనబడదు. ఆ సమయంలో నిందితురాలు ఇంట్లో నిద్రపోతూ ఉన్నా లాభం లేదు. వచ్చింది ఆమె ఛాయ. ఇలాంటి సాక్ష్యానికి ఎదురుసాక్ష్యం ఉండదు. అన్ని నెలల ఘోరానికీ మూలం ఇక్కడే ఉంది.

మే నెలలో కొత్త చార్టరుతో వచ్చిన గవర్నరు విలియం ఫిప్స్, నిండిపోయిన జైళ్లను చూసి ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేశాడు. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్. జూన్ 10న బ్రిడ్జెట్ బిషప్‌ను ఉరితీశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే పాస్టర్లు ఛాయాసాక్ష్యం విషయంలో జాగ్రత్త అవసరమని లిఖితపూర్వకంగా చెప్పారు. అదే పత్రం చివర దోషుల మీద చురుగ్గా చర్య తీసుకోమనీ అన్నారు. న్యాయస్థానం ఆ రెండో మాటే విన్నది. నథానియెల్ సాల్టన్‌స్టాల్ అనే జడ్జి మాత్రం మనసొప్పక తప్పుకున్నాడు.

రెబెకా నర్స్ విచారణ దగ్గర కాస్త ఆగాలి. ఆమెకు 71 ఏళ్లు. చర్చిలో గౌరవం ఉన్న గృహిణి. ఆమె మంచిదని 39 మంది ఇరుగుపొరుగువారు, అంత భయంలోనూ, కాగితం మీద సంతకాలు చేశారు. జ్యూరీ నిర్దోషి అని చెప్పింది. వెంటనే ఫిర్యాదిదారులైన అమ్మాయిలు గోల పెట్టారు. తనతో పాటు జైల్లో ఉన్న ఒకామెను చూసి రెబెకా ‘మనలో మనిషి’ అన్నట్టుగా ఏదో అన్నదనీ, ఆ మాట ఆలోచించారా అనీ స్టౌటన్ జ్యూరీని అడిగాడు. జ్యూరీ పెద్ద థామస్ ఫిస్క్ ఆ మాటకు అర్థమేమిటని ఆమెనే అడిగాడు. ఆమె పలకలేదు. జ్యూరీ మళ్లీ లోపలికి వెళ్లి వచ్చి, దోషి అంది. తనకు చెవులు సరిగా వినబడవనీ, దుఃఖంలో ఉండి ప్రశ్న తెలియలేదనీ, తోటి ఖైదీ అన్న అర్థంలోనే ఆ మాట అన్నాననీ ఆమె తర్వాత తెలియజేసింది. జూలై 19న మరో నలుగురు స్త్రీలతో పాటు ఆమెను ఉరితీశారు.

నేరం ఒప్పుకుంటే ప్రాణం దక్కుతుందన్న సంగతి వేసవి నాటికే జనానికి అర్థమైంది. ఒప్పుకున్నవారు మరికొందరి పేర్లు చెప్పాలి. అలా ఒప్పుకున్నవారు యాభై మంది దాకా తేలారు. అబద్ధమాడి ఆత్మను పోగొట్టుకోలేమన్నవారే ఉరికంబం ఎక్కారు. శామ్యూల్ వార్డ్‌వెల్ ముందు ఒప్పుకుని, తర్వాత అది అబద్ధమని వెనక్కి తీసుకున్నాడు, ఉరితీశారు. రెబెకా చెల్లెలు మేరీ ఈస్టీ తన ప్రాణం కోసం కాకుండా, ఇంక నిర్దోషుల రక్తం చిందకూడదని, ఒప్పుకున్నవారిని విడివిడిగా ప్రశ్నించమని జడ్జీలకు విన్నపం రాసింది. సెప్టెంబరు 22న ఉరితీసిన ఎనిమిది మందిలో ఆమె ఒకరు. అంతకు మూడు రోజుల ముందు, ఎనభై ఏళ్లు దాటిన జైల్స్ కోరీ న్యాయస్థానం విచారణకు తలవంచనన్నందుకు, ఛాతీ మీద బండరాళ్లు పేర్చి చంపారు.

మొత్తం 19 మందిని ఉరితీశారు: 14 మంది స్త్రీలు, ఐదుగురు పురుషులు. జైల్లో కనీసం ఐదుగురు చనిపోయారు. వారిలో సారా గుడ్ చంటిబిడ్డ ఉంది. ఆమె పెద్ద కూతురు డొరతీకి నాలుగైదేళ్లు. ఆ పిల్లను సంకెళ్లతో నెలల తరబడి చెరలో ఉంచారు. 1710లో తండ్రి పెట్టుకున్న అర్జీలో, ఆ భయంతో అమ్మాయి మతి నిలకడ లేకుండా పోయిందని ఉంది.

అక్టోబరు మొదట్లో ఇంక్రీస్ మాథర్ అనే పెద్ద పాస్టరు, ఒక నిర్దోషికి శిక్ష పడడం కన్నా పదిమంది అనుమానితులు తప్పించుకున్నా మేలేనని వాదించాడు. నెలాఖరులో ఫిప్స్ ఆ న్యాయస్థానాన్ని రద్దు చేశాడు. 1693లో కొత్త న్యాయస్థానం ఛాయాసాక్ష్యాన్ని పక్కన పెట్టగానే కేసులు కుప్పకూలాయి. దోషులని తేల్చిన ముగ్గురికీ గవర్నరు ఉరి ఆపాడు. విడుదలైనవారూ జైలు ఖర్చులు కట్టాకే ఇంటికి వెళ్లగలిగారు.

1697 జనవరి 14న కాలనీ అంతటా ఉపవాస దినం పాటించారు. ఆ రోజు జడ్జి శామ్యూల్ స్యూవాల్ చర్చిలో అందరి ముందూ లేచి నిలబడగా, నిందను తన మీద వేసుకుంటూ రాసిన కాగితాన్ని పాస్టరు చదివి వినిపించాడు. పన్నెండు మంది జ్యూరీ సభ్యులూ క్షమాపణ కోరారు. ఎందరి మీదనో ఆరోపణ చేసిన ఆన్ పట్నం 1706లో అదే ఊరి చర్చిలో తప్పు ఒప్పుకుంది. స్టౌటన్ ఎన్నడూ ఒప్పుకోలేదు. 1711లో కాలనీ చాలామంది శిక్షలను రద్దుచేసి, కుటుంబాలకు 578 పౌండ్ల 12 షిల్లింగుల పరిహారం ఇచ్చింది. ఆ జాబితాలోకి ఎక్కని పేర్లు కొన్ని 1957లోనూ 2001లోనూ చేరాయి. 1693లో మరణశిక్ష పడి బతికి బయటపడ్డ ఎలిజబెత్ జాన్సన్ తన పేరు కూడా చేర్చమని 1712లోనే అర్జీ పెట్టుకుంది. నార్త్ ఆండోవర్ బడిపిల్లలు పట్టుబట్టి అడగగా, మసాచుసెట్స్ రాష్ట్రం ఆమెను నిర్దోషిగా ప్రకటించింది 2022లో.