వడ్రంగి పిట్ట: శకునమా, నిదర్శనమా?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ముందుగా నాకూ, ఆపైన మీకూ ఉపదేశించుకుంటున్నాను.

అరబీ భాషలో పక్షిని 'తైర్' అంటారు. శకునం చూడటాన్ని 'తియరా' అంటారు. రెండు పదాలకూ ధాతువు ఒకటే. అజ్ఞాన కాలపు అరబ్బులు ప్రయాణానికి బయలుదేరే ముందు పక్షిని అదిలించేవారు. అది కుడివైపుకు ఎగిరితే శుభమని సాగిపోయేవారు, ఎడమవైపుకు ఎగిరితే ఇంటికి మరలిపోయేవారు. మనిషి వ్యాపారం, పెళ్ళి, ప్రయాణం అన్నీ ఒక పిట్ట రెక్కకు ముడిపడి ఉండేవి. దైవప్రవక్త (స) ఆ ముడిని తెంచివేశారు. తియరాకు వాస్తవం లేదన్నారు (బుఖారీ, ముస్లిం). అది షిర్క్ అని హెచ్చరించారు. పక్షులను వాటి తావుల్లో ఉండనివ్వమని కూడా ఆదేశించారు (అబూ దావూద్). సూరా యాసీన్‌లో ఒక పట్టణవాసులు తమ వద్దకు వచ్చిన సందేశహరులనే అపశకునంగా ఎంచిన వృత్తాంతం మీకు తెలిసినదే (36:18-19). మంచిమాట చెప్పవచ్చినవారికి కూడా ఈ రోగం వల్ల ఆ గతి పట్టింది.

ఈ ప్రస్తావనకు కారణం ఉంది. మన ఖబరస్తాన్ గోడ పక్కన ఎండిపోయిన వేప మాను ఒకటి ఉంది. దానిలో వడ్రంగి పిట్ట తొర్ర చేసుకుంది. ఆ టకటక వినబడిన వారంలో మరో జనాజా లేస్తుందని కొందరు చెప్పుకుంటున్నారట. మానును కొట్టించమని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు కూడా. సోదరులారా! ఈ ఏడాది మనం ఖననం చేసినవారిలో ఏ ఒక్కరి ఆయుష్షునూ ఆ పిట్ట ముక్కు తగ్గించలేదు. గడువు తీరిన ప్రాణానికి అల్లాహ్ వ్యవధి ఇవ్వడని ఖుర్ఆన్ చెబుతుంది (63:11). ఆ గడువు ఆయన వద్ద ఉంది, వేప మానులో లేదు.

మరొక పొరపాటును కూడా సవరించాలి. హుద్‌హుద్ అంటే కఠ్‌ఫోడా అని, అంటే వడ్రంగి పిట్ట అని చెప్పేవారు మనలో ఉన్నారు. రెండూ వేరు. సులైమాన్ (అలైహిస్సలాం) వద్దకు సబా దేశపు వార్త తెచ్చిన హుద్‌హుద్ (27:20-28) సన్నని వంకర ముక్కుతో నేలను గుచ్చి పురుగులను ఏరుకుంటుంది. వడ్రంగి పిట్ట మానును పట్టుకుని నిలువునా పాకుతుంది. రెంటికీ తలపై కుచ్చు ఉండటం వల్ల ఈ అయోమయం. వడ్రంగి పిట్ట పేరు ఖుర్ఆన్‌లో లేదు. అయితేనేం? రెక్కలతో ఎగిరే పక్షులన్నీ మనవంటి సముదాయాలేనని (6:38), ప్రతిదానికీ తన ఆరాధన, తన తస్బీహ్ తెలుసునని (24:41) అందులో ఉంది.

దాని కాలివేళ్ళు రెండు ముందుకు, రెండు వెనుకకు ఉంటాయి. బిరుసైన తోకను మానుకు ఆనించి మూడో కాలుగా వాడుకుంటుంది. నాలుకకు ఆధారమైన ఎముకలు పుర్రె వెనుకగా చుట్టి వస్తాయి; అందుకే అది నాలుకను ముక్కు దాటి చాలా దూరం చాచి, బెరడు లోపలి పురుగును లాగగలదు. కొన్ని జాతులు సెకనుకు సుమారు 20 సార్లు మానును కొడతాయి. పుర్రె స్పాంజి వలె ఆ దెబ్బను పీల్చుకుంటుందని చాలాకాలం చెప్పారు. మన వక్తలూ మింబర్లపై అదే చెప్పారు. 2022లో వెలువడిన పరిశోధన దానిని కాదంది. ఆ తల సుత్తి వలె గట్టిది. దెబ్బను తానే మింగేస్తే కొయ్య తొలచబడదు కదా! మెదడు మిక్కిలి చిన్నది కావడం వల్ల తట్టుకుంటుందట. అల్లాహ్ సృష్టిని కొనియాడటానికి నిర్ధారణ కాని మాటలు మనకు అవసరం లేదు.

ఇక ఆ తొర్ర సంగతి. సాధారణంగా ఎండిన కొయ్యనో, లోపల పుచ్చిన కొమ్మనో ఎంచుకుని ఆడ, మగ రెండూ రోజుల తరబడి తొలుస్తాయి. పిల్లలు ఎగిరిపోయాక తొర్ర ఖాళీ అవుతుంది. అప్పుడు రామచిలుకలు, గోరింకలు, చిన్న గుడ్లగూబలు వచ్చి అందులో కాపురం పెడతాయి. గట్టి కొయ్యను తొలిచే ముక్కు వాటికి లేదు. ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషి గానీ, పశువు గానీ, పక్షి గానీ తింటే అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). హదీసులో ఉన్నది తినడం గురించే. గూడు విషయంలోనూ కరుణామయుని నుండి ప్రతిఫలం ఆశించవచ్చునని నా అభిప్రాయం. ఆ వేపను నాటిన పెద్దమనిషి ఎవరో మనకు తెలియదు. బహుశా ఆయన కూడా అక్కడే పడుకుని ఉన్నారేమో. ఎండిన తర్వాత కూడా ఆయన చెట్టు కొన్ని ప్రాణులకు నీడనిస్తుంటే, ఆ సదఖాను మనం ఎందుకు ఆపాలి?

మాను విరిగిపడి ఎవరికైనా హాని కలిగేటట్లు ఉంటే అది వేరే మాట. హానిని తొలగించడం షరీఅత్ నియమం. బాటవైపు వంగిన కొమ్మలను అనుభవజ్ఞుడైన వడ్రంగికి చూపించండి. నేను చెప్పేది మనిషి వడ్రంగి గురించి. తొర్రలో పిల్లలు ఉంటే అవి ఎగిరే వరకు ఆగండి. పిల్లలను కోల్పోయి అల్లాడుతున్న పక్షిని చూసి, వాటిని తల్లికి తిరిగి ఇచ్చివేయమని దైవప్రవక్త (స) తమ సహచరులను ఆజ్ఞాపించారు (అబూ దావూద్). కొమ్మ బరువు చూసి కమిటీ ఏ నిర్ణయం తీసుకున్నా నాకు సమ్మతమే. పిట్ట చప్పుడును కారణంగా మాత్రం కమిటీ పుస్తకంలో రాయనివ్వను.