ఇంటి స్థలంలో బండ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఏదైనా అనుభవం చెప్పమన్నారు. కరువుభత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి చెప్పడానికి నాకన్నా తెలిసినవారు వేదికమీదే ఉన్నారు. నేను ఒక బండను గురించి చెబుతాను. నవ్వకండి. మన పిల్లల్లో చాలామంది ఊరి చివర స్థలాలు కొంటున్నారు. హైదరాబాదు చుట్టుపక్కల స్థలం కొన్నవారికి బండ తగలకపోతే అది అదృష్టమే.

నేను 1972లో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. ఎప్పుడో వాయిదాల మీద కొన్న రెండువందల గజాల స్థలం మౌలాలి వైపు ఉంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చేతికి రాగానే 2009లో ఇల్లు మొదలుపెట్టాను. స్థలం నడుమ నడుమెత్తున ఒక గుండు ఉండేది. మూడడుగుల రాయే గదా, రెండు రోజుల పని అనుకున్నాను. మేస్త్రీ దాని చుట్టూ కందకం తీయించాడు. కొలిస్తే పొడవు పదడుగులు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఆరు. భూమిలో ఉన్నదే సగం!

గుమాస్తా బుద్ధి కదా, కాగితం మీద లెక్క వేశాను. మన గ్రానైటు రాయి ఘనపుటడుగు సుమారు 75 కిలోలు తూగుతుంది. 480 ఘనపుటడుగులకు 36 టన్నులు. గుండ్రటి మూలలకు పావువంతు తీసేసినా 27 టన్నులు. పైగా పగలగొట్టిన రాయి కుప్ప పోస్తే ఒకటిన్నర రెట్లు చోటు తింటుంది. అందుకే ట్రాక్టరు లోడ్ల లెక్కన మాట్లాడుకున్నవారు మోసపోతారు. పగలకముందే కొలిచి, మొత్తం పనికి ఇంత అని రాయించుకోవాలి. ఇది మొదటి పాఠం.

ఇక రెండోది చెప్పడానికి ఇన్నేళ్ళు సిగ్గుపడ్డాను. ఒక కాంట్రాక్టరు వచ్చి, "ఉలితో కొట్టిస్తే ఇరవై ఆరు వేలవుతుంది సార్. ఆదివారం తెల్లవారుజామున మందు పెట్టి లేపేస్తే తొమ్మిది వేలు. ఎవరికీ తెలియదు" అన్నాడు. నేను సరేనన్నాను. మూడు వేలు బయానా కూడా ఇచ్చాను.

సోదరులారా, నేను కలెక్టరాఫీసులో మెజిస్టీరియల్ సెక్షనులో ఆరేళ్ళు పనిచేసినవాణ్ణి. పేలుడు పదార్థాల నిరభ్యంతర పత్రాల ఫైళ్ళు నా బల్లమీదుగానే వెళ్ళేవి. 1884 నాటి చట్టం ఏమంటుందో, లైసెన్సు లేకుండా మందు పెట్టడం ఎంత నేరమో నేను స్వయంగా నోట్లు రాశాను. నివాసాల మధ్య అని ఎర్రసిరాతో గీతగీసి అభ్యంతరాలు పెట్టాను. అదే నేను పదిహేడు వేలు మిగులుతాయని ఒప్పుకున్నాను.

శనివారం సాయంత్రం పక్కింటికి వెళ్ళాను. ఆయన రిటైరైన పంతులుగారు, నాకన్నా పదేళ్ళు పెద్ద. మా బండకూ వారి గోడకూ మధ్య పన్నెండడుగులే. ఆ గోడ వెనకే మనవరాలు పడుకునే గది. "రేపు పొద్దున కొంచెం చప్పుడవుతుందండీ, పిల్లను వెనక గదిలో పడుకోబెట్టండి" అన్నాను. ఆయన ఏ ప్రశ్నా వేయలేదు. "మీరు కలెక్టరాఫీసులో చేశారు గదండీ, అనుమతులన్నీ చూసుకునే ఉంటారు" అన్నారు. కాఫీ ఇప్పించారు. ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె, "ఏమండీ, ఈ ఫైలు మీ బల్లమీదికొస్తే ఏం రాసేవారు?" అంది. ఆ రాత్రే కాంట్రాక్టరు ఇంటికి వెళ్ళి వద్దన్నాను. మూడు వేలు తిరిగి రాలేదు. నేను అడగనూలేదు.

తరువాత ఒక వడ్డెర పెద్దాయన, ఆయన కొడుకు వచ్చారు. పెద్దాయన ముందు సుత్తితో బండను అక్కడక్కడ తట్టి విన్నాడు. "కర్రకున్నట్టే రాయికీ చీలే దిక్కు ఉంటదయ్యా" అన్నాడు. ఆ దిక్కున జానెడుకొకటి చొప్పున వరుసగా రంధ్రాలు వేశారు. వాటిలో ఇనుప చీలలు దించి, ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క దెబ్బ. బలం చూపించడం లేదు, తొందర లేదు. కాసేపటికి మోగే శబ్దం మారింది. ఆయన సమ్మెట దించి చెయ్యెత్తి మమ్మల్ని వెనక్కు జరగమన్నాడు. గుడ్డ చిరిగినట్టు సన్నగా ఒక చప్పుడయింది. బండ రెండుగా విడిపోయింది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. రెండోరోజు ఒక రాతి పలుకు ఎగిరి కుర్రవాడి కనుబొమ్మ చీల్చింది. నాలుగు కుట్లు పడ్డాయి, దేవుడి దయవల్ల కన్ను దక్కింది. కళ్ళద్దాలు కొనివ్వాలన్న ఆలోచన నాకు అప్పటిదాకా రాలేదు. మందు వద్దని ధర్మం చేశాననుకున్నాను గాని, పక్కింటి పిల్ల మీద ఉన్న ధ్యాస ఈ పిల్లవాడి మీద లేకపోయింది. ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాను, వారం కూలి ఇచ్చాను. అయినా ఆ మచ్చ వాడి ముఖాన ఉండిపోయింది.

కాబట్టి మీ పిల్లలకు ఈ నాలుగు మాటలు చెప్పండి. ముందు చుట్టూ తవ్వించి చూడండి. అది విడిగుండయితే తీయాలి. అడుగున పరచుకున్న తల్లిబండ అయితే, ఇంజనీరుకు చూపించి దానిమీదే పునాది లేపుకోవచ్చు. అది అడ్డం కాదు, బలం. ఈ రోజుల్లో సున్నం జాతి పొడి ఒకటి దొరుకుతోంది. నీళ్ళు కలిపి రంధ్రాల్లో పోస్తే ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో చప్పుడు లేకుండా బండను చీలుస్తుంది. అయితే ఒక్కోసారి పైకి చిమ్ముతుంది. పోసిన తరువాత రంధ్రంలోకి తొంగి చూడరాదు. కంట పడితే కన్ను పోగలదు. మంటపెట్టి పగలగొట్టడం పాత పద్ధతే గాని, ఇళ్ళ మధ్య పొగకూ సెగకూ పనికిరాదు. డ్రిల్లు వేసేటప్పుడు నీళ్ళు పోయించండి. ఆ పొడి ఏళ్ళ తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులు రాయి కడతాయి. పనివారికి కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు మీరే కొనివ్వండి. ముక్కలు నాలాలో పారబోయించకండి.

మా ముక్కల్లో ఒక్కటీ బయటికి పోలేదు. పునాదికి, ప్రహరీకి, మెట్లకు సరిపోయాయి. ఆ విధంగా ఇరవై ఆరు వేలలో సగం తిరిగొచ్చినట్టే. ఇక్కడి రాయి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులంటారు. దానిముందు మన ముప్పై ఆరేళ్ళ సర్వీసు ఎంత!

ఒక పలకను గేటు పక్కన అరుగుగా వేయించాను. పంతులుగారూ నేనూ పదేళ్ళపాటు సాయంత్రాలు దానిమీదే కూర్చున్నాం. ఆ శనివారం సంగతి ఆయనకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, చెప్పలేకపోయాను. 2019లో ఆయన కాలం చేశారు. అందుకే ఈ రోజు మీ అందరి ముందూ చెప్పాను.