కంపెనీల ధర్మకార్యములు, సర్కారు పన్ను



ఆసిఫాబాదు ప్రాంతమున కాగజ్‌నగరము నెరుగనివారుండరు. ఆ యూరి పూర్వనామము కొత్తపేట. నిజాము కాలమున 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపింపబడి, 1942లో పని ప్రారంభింపగా పల్లె పట్టణమైనది. ఆనాడు ఆ మిల్లునందు సర్కారు పెట్టుబడియు కలదు. 2014లో మిల్లు మూతపడెను. ఎన్ని యిండ్ల పొయ్యిలో పిల్లి లేవకుండెనో! 2018లో జె.కె. పేపరు కంపెనీ దానిని చేపట్టగా, తెలంగాణ ప్రభుత్వము పన్ను రాయితీలు మొదలగు ప్రోత్సాహకముల నొసంగెను.

దీనిని నేను తప్పుపట్టను. పస్తులున్న పట్టణమునకు మిల్లు కావలెను. అయినను రాయితీ యనగా ఖజానా విడిచిన సొమ్ము. అది మన బడి, మన దవాఖానా, మన వాగుమీది వంతెన. ఎంత విడిచిరి, ఎన్నేండ్లకు విడిచిరి అని అడుగుటకు మనకు హక్కు కలదు.

ఇట్లు బహిరంగముగా నిచ్చిన రాయితీ వేరు, పన్ను ఎగవేత వేరు. లెక్కలు దాచుట స్పష్టముగా నేరమే. చట్టపు సందులు వెదకి, లాభమును పన్ను తక్కువగల దేశమున చూపుట మరియొక విద్య. దానిని నిరోధించు నిబంధనలు మన దేశమున 2017 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చినవి. ఏలినవారి చెంత చేరి చట్టమునే తమకు అనువుగా వ్రాయించుకొనుట అన్నిటికంటె గడుసైనది. అందు ఉల్లంఘనయే యుండదు గనుక పట్టుకొనువాడెవడు? 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లను ఎవరు కొని ఏ పార్టీ కిచ్చిరో ప్రజలకు తెలియకుండెను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వానిని కొట్టివేసిన పిమ్మట చిట్టా వెలువడగా, హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగు కంపెనీ 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్నట్లు తెలియవచ్చినది. కొనుట ఆనాటి చట్టమునకు లోబడినదే. ఆ గోప్యతయే నాకు సమ్మతము కాదు.

2013 నాటి చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు పాళ్లు ప్రజాహితమునకు వ్యయపరుపవలెను. వారు మొక్కలు నాటింతురు, బావులు త్రవ్వింతురు, బొమ్మలతో నివేదికలు అచ్చొత్తింతురు. మంచిదే. కాని సత్యం కంపెనీ 2008లో సుపరిపాలనకై బంగారు నెమలి బహుమానము పొందినది గదా! 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజు తన లెక్కలు వేలకోట్ల మేరకు కల్లలని స్వయముగా వ్రాసియిచ్చెను.

ధర్మము చేయు కంపెనీ పన్నును సరిగా కట్టునా యను విషయమున పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. కనుక కంపెనీవారు మీ యూరిలో నీళ్లటాంకి ప్రారంభింప వచ్చినప్పుడు దండ వేయుడు. వారి వార్షిక నివేదికను గూడ అడిగి తీసికొనుడు. చదువుకొన్న పిల్లవానిచేత లాభమెంత, కట్టిన పన్నెంత అను రెండు పంక్తులను చావడిలో పైకి చదివించుడు.