అడుగు చెక్క ఎవరిది?

(నవీపేటలో చదువు కేంద్రం అక్కచెల్లెళ్ల ముందు చేసిన ప్రసంగం)



ఈరోజు ఒక ఆట గురించి మాట్లాడుకుందాం. "ఆటనా? ఆటలకు మాకు తీరిక ఎక్కడిది?" అని మీరు నవ్వవచ్చు. నవ్వండి. నవ్వుకుంటూనే వినండి. ఈ ఆటలో మన ఇంటి సంగతి ఉంది.

ఆట పేరు జెంగా. ఇది చెక్కముక్కల ఆట. బల్ల మీద ఆడతారు. బల్ల లేకుంటే పీట చాలు. మొత్తం 54 ముక్కలు. మూడు ముక్కలు పక్కపక్కన పెడితే ఒక వరుస. దాని మీద అడ్డంగా ఇంకో మూడు. అట్లా 18 వరుసలు పేర్చాలి. జానెడు దాటిన గోపురం అవుతుంది.

తర్వాత ఆట మొదలు. వంతు వచ్చినామె కింది వరుసల నుంచి ఒక ముక్క లాగాలి. ఒక్క చేతితోనే లాగాలి. లాగిన ముక్కను గోపురం మీద పెట్టాలి. ఆ తర్వాత ఇంకొకామె వంతు. ఎవరి చేతిలో గోపురం పడిపోతే వారు ఓడినట్టు. ఇంతే ఆట. చదువు రాకున్నా ఆడవచ్చు. భాష తెలియకున్నా ఆడవచ్చు.

ఈ ఆటను లోకానికి ఇచ్చింది ఒక ఆడమనిషి. ఆమె పేరు లెస్లీ స్కాట్. ఆమెది ఇంగ్లీషు కుటుంబం. ఆమె పుట్టింది, పెరిగింది ఆఫ్రికాలో. ఘానా అనే దేశంలో ఉన్నప్పుడు ఆ కుటుంబం చెక్కముక్కలతో ఇంట్లోనే ఈ ఆట ఆడుకునేది. ఆ ముక్కలు టకోరాడి అనే ఊరిలోని కట్టెకోత మిల్లులో చేయించినవి. లెస్లీ ఈ ఆటను 1983లో లండన్‌లో బొమ్మల ప్రదర్శనలో పెట్టింది. ఆఫ్రికాలో స్వాహిలి అనే భాష ఉంది. ఆ భాషలో జెంగా అంటే "కట్టు" అని అర్థం. ఇంట్లో ఆడుకున్న ఆట ఇట్లా దేశదేశాలు తిరిగింది.

ఈ ఆట గురించి అందరి మాట ఒక్కటి కాదు. కొందరు, "గిదేం ఆట? కూలగొట్టుకునేదానికి కట్టుడెందుకు?" అంటారు. కొందరు, "పిల్లల ఆట పెద్దవాళ్లకు ఎందుకు?" అంటారు. ఇంకొక మాట కూడా వినవస్తుంది. "పొద్దంతా చేతులతో పని చేసి చేసి వేళ్లు గుంజుతయి. మళ్లా చేతులతో ఆటనా?" అని.

ఈ చివరి మాటను నేను కొట్టిపారేయను. మన నిజామాబాద్ జిల్లాలో ఊరూరా బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉన్నారు. ఆకు కత్తిరించాలి. తంబాకు పోయాలి. చుట్టాలి. దారం కట్టాలి. మూతి మడవాలి. ఒక్క బీడీకే ఇంత పని. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. చెరుకు పనికి, వరి నాటుకు పోయేవారి చేతులూ అంతే. సాయంత్రానికి నడుము ఉండదు, వేళ్లు ఉండవు.

అయినా ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. చిన్నప్పుడు మనం గచ్చకాయలు ఆడలేదా? ఒక కాయ పైకి ఎగరేసి, అది కింద పడేలోపల మిగతావి ఏరుకునేవాళ్లం. ఒక్కొక్కటి, రెండేసి, మూడేసి. ఎవరూ నేర్పలేదు. కన్ను, చెయ్యి కలిసి అవే నేర్చుకున్నాయి. ఆ వేళ్లే తర్వాత బీడీల చాట మీదికి వచ్చాయి. ఆట పోయింది, పని మిగిలింది. మగవాళ్లు మాత్రం ముసలితనంలో కూడా చెట్టు కింద కూర్చుని పులి మేక ఆడతారు. పేకలు ఆడతారు. వాళ్లను "ఇది పిల్లల ఆట" అని ఎవరూ అనరు.

బీడీకి లెక్క ఉంది. నాటుకు లెక్క ఉంది. ఆటకు లెక్క లేదు. అందుకే ఆట కావాలని నేను అంటాను. లెక్క లేని ఒక్క అరగంట ఆడవారికి కూడా ఉండాలి. అయితే డబ్బు పందెం పెట్టవద్దు. పందెం పెడితే మళ్లీ లెక్క వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను.

గోపురం మొదట 18 వరుసలు ఉంటుంది. ఆడుతూ పోతే 20 వరుసలు, 22 వరుసలు అవుతుంది. చూసేవారు "అబ్బ, ఎంత ఎత్తు లేచింది!" అంటారు. కొత్త ముక్క ఒక్కటైనా తెచ్చారా? తేలేదు. అవే 54 ముక్కలు. కింద ఖాళీ చేసి పైన పెట్టారు. ఎత్తు పెరిగింది. ముక్కలు పెరగలేదు.

మన ఇళ్లు చూడండి. స్లాబు ఇల్లు లేస్తుంది. బిడ్డ పెళ్లి ఘనంగా జరుగుతుంది. ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ ముక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి? తల్లి నిద్ర నుంచి ఒక ముక్క. తల్లి తినే తిండి నుంచి ఒక ముక్క. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఆమె బువ్వ. పెద్దబిడ్డ బడి మానింది, చాట ముందు కూర్చుంది. అది ఇంకో ముక్క. నడుము నొప్పికి దవాఖానకు పోకుండా "రేపు చూద్దాం" అనుకున్నాం. అది ఇంకో ముక్క.

ఆటలో ఒక కిటుకు ఉంది. ముక్కలన్నీ ఒక్క తీరుగా కనబడతాయి. కానీ కొలతలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకే కొన్ని వదులుగా ఉంటాయి. కొన్ని బిగుతుగా ఉంటాయి. వదులు ముక్క మీద బరువు లేదు. బిగుతు ముక్క బరువు మోస్తున్నది. తెలివిగా ఆడేవారు ముందు వేలితో మెల్లగా తట్టి చూస్తారు. మన నవీపేట మేకల సంతలో మేకను కొనేవారు కూడా నడుము పట్టి, పళ్లు చూసి కొంటారు. చూడకుండా పైసలు ఇయ్యరు.

ఇంట్లో మాత్రం తట్టి చూసేవారు లేరు. ఇంటి బరువంతా మోసే మనిషినే ముందు లాగుతారు. ఎందుకంటే ఆమె నోరు తెరిచి "నా మీద బరువుంది" అనదు. చప్పుడు చేయని ముక్క వదులు ముక్క అని అందరూ అనుకుంటారు. చివరికి ఆమె కూడా అట్లనే అనుకుంటుంది.

ఇంకొక సంగతి. గోపురం పడ్డప్పుడు ఎవరిని అంటాం? చివరగా చెయ్యి పెట్టినామెను అంటాం. కానీ అప్పటిదాకా అందరూ ఒక్కో ముక్క లాగినవాళ్లే గదా! బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. నిజాం కాలంలో 1930లలో కట్టింది. 2002లో సర్కారు అందులో సగానికి పైగా వాటాను ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. తాళం పడ్డది ఒక్కనాడు. కానీ అంత పెద్ద ఫ్యాక్టరీ ఒక్కనాడే కూలుతుందా? ఇల్లు కూడా అంతే. అప్పు మీద పడ్డనాడు "కోడలు వచ్చిన వేళ మంచిది కాదు" అంటారు. అప్పు ఎన్నేళ్ల నుంచి పెరుగుతున్నది? ఏ ముక్క ఎవరు లాగారు? అది అడగాలి. చివరి చెయ్యి మీద నింద వేస్తే అడుగున ఉన్న ఖాళీ కనబడదు.

"అయితే పడ్డదాన్ని ఏం చేయాలి?" అని అడుగుతారేమో. దానికి జవాబు మన ఆటలోనే ఉంది. ఏడు పెంకులాట తెలుసు గదా? పక్కన మహారాష్ట్రలో దాన్ని లగోరీ అంటారు. పెద్ద పెంకు అడుగున, చిన్న పెంకు పైన పెట్టి పేరుస్తారు. బంతితో కొట్టి పడగొడతారు. ఇక పడగొట్టినవాళ్లే మళ్లీ పేర్చాలి. అవతలి జట్టు బంతితో కొడుతుంటే తప్పించుకుంటూ పేర్చాలి. ఒకరు కాపలా, ఒకరు పేర్చుడు. చెక్కల ఆట పడితే అయిపోతుంది. మన ఆట పడ్డాకనే మొదలవుతుంది.

చెక్కల ఆటలో లాగిన ముక్కను మళ్లీ అడుగున పెట్టనియ్యరు. అది ఆట నియమం. ఇంటికి ఆ నియమం లేదు. బడి మానిన బిడ్డను మళ్లీ బడికి పంపవచ్చు. అందరితో పాటు పళ్లెం పెట్టుకొని తినవచ్చు. దవాఖానకు రేపు కాదు, ఈరోజు పోవచ్చు. మీరు ఈ వయసులో పలక పట్టారు. మీ అడుగున ఎప్పుడో లాగేసిన ముక్కను మీరే తెచ్చి మళ్లీ పెట్టుకున్నారు.

ఈ ఆట కొనుక్కోవలసిన పని లేదు. మీ ఊరి వడ్లాయనను అడగండి. ముక్క పొడవు మూడు అంగుళాలు. వెడల్పు ఒక అంగుళం. మందం అర అంగుళం కంటే కొంచెం ఎక్కువ. మూడు ముక్కలు పక్కపక్కన పెడితే నలుపక్కలా సమానంగా రావాలి. గరుకు కాగితంతో నున్నగా రుద్దించండి. అట్లా 54 ముక్కలు. ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం రాయండి. పిల్లలకూ పనికి వస్తుంది.

సంఘం మీటింగు అయిపోయాక ఆడండి. అత్తను, కోడలిని పక్కపక్కన కూర్చోబెట్టండి. గోపురం పడ్డాక నవ్వండి. తర్వాత ఈ మూడు మాటలు మాట్లాడుకోండి. చదివి, జవాబు మీ పుస్తకంలో రాయండి.

మా ఇంట్లో బరువు మోసే ముక్క ఎవరు?
ఈ ఏడాది ఎవరి ముక్క లాగి పైన పెట్టాం?
ఏ ముక్కను మళ్లీ అడుగున పెట్టవచ్చు?

ఒక్క మాటలో రాసినా చాలు. రాసింది ఇంట్లో చదివి వినిపించండి.